అమావాస్యకు దాచిన మాత్రలు

డబ్బా ఊపితే చాలు, లోపల ఎన్నాళ్ళ మందుందో ఓస్మిందా చెప్పేస్తుంది. పదమూడేళ్ళుగా ఊళ్ళో మాత్రలు పంచేది ఆమే. నిండు డబ్బా అసలు పలకదు. సగమైతే ఇసుక జారినట్టు ఉంటుంది. ఆ శనివారం ఉదయం లుఫుందే ఊరి మందుల గదిలో అరమీంచి డబ్బా దించి ఊపితే, ఎండిన చిక్కుడుకాయలో గింజల్లా గలగలమంది.

"తొమ్మిది రోజులు," అంది.

మెల్కియోరి నమ్మలేదు. ఆ గదికి నర్సూ ఆయనే, కాంపౌండరూ ఆయనే, కాన్పు వస్తే మంత్రసానీ ఆయనే. పాత పేపరు పరిచి మాత్రలు కుమ్మరించి ఐదేసి చొప్పున లెక్కపెట్టాడు. ఏడు వందల ముప్పై చిల్లర. ఊళ్ళో మూర్ఛరోగులు ఇరవై ఏడు మంది. తలా రోజుకు మూడు.

"నీ చెవి ఒకటి కోసి పైవాళ్ళ మందుల గిడ్డంగిలో పెడితే గుమాస్తాల జీతం మిగులుతుంది," అన్నాడు. నవ్వు మాత్రం రాలేదు.

వానలకు కొండదారి రెండుచోట్ల జారిపోయింది. అది ఒక్కటే అయితే మనుషుల తలమీద మోయించైనా తెచ్చుకునేవాళ్ళు. ఈ మాత్ర, ఫినోబార్బిటాల్, నిద్రమందుల జాతిది కాబట్టి దానికి తాళం వేరు, సంతకం వేరు, ముద్ర వేరు. ఆ అనుమతి కాగితం ఎక్కడో ఒక ఆఫీసు బల్లమీద గడువు దాటి పడి ఉంది. వందేళ్ళనాటి మందు, ఒక మనిషికి నెలకు సరిపడే మాత్రల ధర రెండు సోడాల ధరకు మించదు. అయినా దొరకదు. మూర్ఛ వచ్చినవాడు కిందపడి కొట్టుకుంటాడు తప్ప ఆఫీసుల ముందు కూర్చుని అరవడు కదా, అందుకని దొరకదు.

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఆరు వారాలన్నారు. వాళ్ళు ఆరంటే..."

"ఆరే అనుకుందాం," అంది ఓస్మిందా.

మందు అయిపోవడం ఒక ఎత్తు, ఒక్కసారిగా ఆగిపోవడం మరో ఎత్తు. అదెలా ఉంటుందో ఆ గదిలో ఇద్దరికీ తెలుసు. రెండేళ్ళ కిందట తెరెజా కూతురు జెనొవేవాకు ఊరెళ్ళిన చోట నాలుగు రోజులు మాత్రలు తప్పాయి. ఐదో రోజు పొద్దున మొదలైన మూర్ఛ మధ్యాహ్నం దాకా వదల్లేదు. ఒకటి తగ్గేలోపే ఇంకొకటి, మధ్యలో తెలివి లేదు. పిల్ల బతికింది. కానీ ఇప్పటికీ కుడికాలు ఈడుస్తుంది, కుడిచేతి వేళ్ళు వాటంతటవే మెలితిరుగుతుంటాయి. పదో రోజున ఇరవై ఏడు మందికీ ఒకేసారి మందు ఆగితే ఎన్ని ఇళ్ళలో మంచాలు మోయాలి?

ఆ ఇరవై ఏడు మందిలో ఓస్మిందా కూడా ఉంది.

తొమ్మిదేళ్ళప్పుడు మూడురాళ్ళ పొయ్యి దగ్గర ఉగలి, మొక్కజొన్న పిండి సంకటి, కలుపుతూ నిప్పుల్లో పడింది. ఇంట్లో ఐదుగురున్నారు. నురగ తగిలితే తమకూ అంటుకుంటుందని ఐదుగురూ బయటికి పరిగెత్తారు. వీధిలో పోతున్న గౌదెన్సియా లోపలికి వచ్చి, ఎడమచెయ్యి పట్టి లాగి పడేసింది. గౌదెన్సియాకు అప్పటికే మూర్ఛ ఉంది, ఇక అంటుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఓస్మిందా ఎడమచేతి నాలుగు వేళ్ళూ కాలి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆ తర్వాత పదేళ్ళు ఆమె పళ్ళెం ఇంటిగోడకు బయటివైపు మేకుకు వేలాడింది. పందొమ్మిదో ఏట మొదటి మాత్ర దొరికింది. మూడు నెలల్లో మూర్ఛలు వెనక్కి తగ్గాయి. ఆరో నెలలో తనే మేకు పీకి, పళ్ళెం తీసుకెళ్ళి అందరి పళ్ళేల మధ్య పెట్టింది. వద్దనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అప్పటినుంచి ఆమె నోటికి ఊరంతా జడుస్తుంది.

ఆదివారం పూజ అయ్యాక చర్చి ముందు అందరినీ ఆపింది.

"మందు తక్కువుంది. ఇవాళ్టి నుంచి అందరికీ తగ్గిస్తాం. వారానికి అర మాత్ర చొప్పున, ఒకటికి వచ్చేదాకా. అక్కడ ఆగుతాం."

"తగ్గించడమెందుకు? ఉన్నది పూర్తిగా పంచెయ్. తర్వాత సంగతి దేవుడు చూస్తాడు," అన్నాడు వీటస్. అతను సైకిలు మీద అరటిగెలలు కొండ దించి సంతకు మోసేవాడు. అతనూ రోగే.

"వీటస్, గెలలేసుకుని కొండ దిగేటప్పుడు సైకిలు వెనక ఏం కడతావు?"

"కొమ్మ. అదేం ప్రశ్న? చంటిపిల్లకి కూడా తెలుసు."

"ఎందుకు?"

"బ్రేకులు ఆగవు. కొమ్మ నేలమీద ఈడ్చుకుంటూ వస్తే సైకిలు నిదానిస్తుంది."

"నడిమి వాలులో ఎవడైనా తాడు కోసేస్తే?"

"వాణ్ణి చంపేస్తా!"

"నువ్వు బతికుంటే కదా."

జనం నవ్వారు. వీటస్ కూడా నవ్వి తల గోక్కున్నాడు.

"ఈ మాత్ర ఆ కొమ్మే," అంది ఓస్మిందా. "తలకాయలో కోట్ల కణాలున్నాయి. ఒకదానికొకటి చిన్న చిన్న నిప్పురవ్వలతో కబురు పంపుకుంటాయి. ఒకటి అరిస్తే ఊరంతా అరవకుండా 'చాల్లే, ఊరుకో' అనే కణాలు కొన్నుంటాయి. మనవాళ్ళకి ఆ ఊరుకోమనే గొంతు చిన్నది. మాత్ర దాన్ని పెద్దది చేస్తుంది. ఏళ్ళ తరబడి ఆ సాయానికి అలవాటు పడ్డ తలకాయ సొంత బ్రేకు వదులు చేసుకుంది. తాడు ఒక్కసారిగా కోస్తే లోయలో పడతాం. కొమ్మని రెమ్మ రెమ్మగా విరుచుకుంటూ దిగితే, పడినా మోకాలు చెక్కుకుపోతుందేమో, మెడ విరగదు."

"మా పిల్లకీ తగ్గిస్తావా?" తెరెజా ముందుకొచ్చింది.

"జెనొవేవాకి తగ్గదు. ఇంకో ఇద్దరు చంటివాళ్ళకీ తగ్గదు. వాళ్ళ మూర్ఛ మొదలైతే ఆగే రకం కాదు."

"మరి నీకో?" వెనకనుంచి ఎవరో అన్నారు.

ఓస్మిందా గుడ్డముడి విప్పి తన మూడు మాత్రలు తీసింది. ఒకదాన్ని పళ్ళతో రెండు ముక్కలు చేసి, అర ముక్క మెల్కియోరి చేతిలో పెట్టి, మిగిలినవి నీళ్ళు లేకుండా మింగింది.

మధ్యాహ్నం మందుల గదిలో మెల్కియోరి లెక్క వేశాడు. మళ్ళీ వేశాడు. ఎంత తగ్గించినా ఆరు వారాలకు పన్నెండు వందల మాత్రలు తక్కువ.

"ఇళ్ళలో ఏమైనా మిగిలి ఉంటాయేమోనంటే, నీ రిజిస్టరు ప్రకారం ఒక్కటి కూడా మిగలకూడదు," అన్నాడు పేజీలు తిప్పుతూ. "ప్రతి పేరు ముందూ ప్రతి నెలా టిక్కు. రోజూ మింగారు, రోజూ మింగారు, రోజూ మింగారు."

ఓస్మిందా గుమ్మం బయట గోడకు ఆనించిన సైకిలు వైపు చూసింది. చుట్టుపక్కల కొండ ఊళ్ళన్నిటిలో మందు తప్పకుండా వేసుకునే ఊరు లుఫుందే ఒక్కటేనని నిరుడు తనిఖీకి వచ్చినవాళ్ళు ఆమెకిచ్చిన బహుమానం అది.

"ఆ టిక్కులు అబద్ధం," అంది.

మెల్కియోరి పెన్సిలు దించాడు.

"నాకు తెలుసు. రోజూ మింగేవాళ్ళకి నెలకోసారి మూర్ఛ రాదు. గౌదెన్సియాకి వస్తోంది. ఫొకాసీకి వస్తోంది. వాళ్ళు మింగామన్నారు, నేను టిక్కు పెట్టాను. మూడేళ్ళ కిందట గౌదెన్సియా నిజం చెప్పింది. అమావాస్య రోజుల్లోనే మింగుతానంది. మందు పంచే రోజు అందరి ముందూ నేనేమన్నానో నీకు గుర్తుందా?"

"ఊరందరికీ గుర్తుంది."

"ఆ తర్వాత ఎవరూ నాకు నిజం చెప్పలేదు. నాకూ హాయిగానే ఉంది."

మెల్కియోరి గుమ్మంలోంచి బయటికి చూసి, "సైకిలు మంచిదే పాపం," అన్నాడు.

సోమవారం పొద్దున ఆమె లోయలోకి దిగింది. వరి పాలుపోసుకునే రోజులు. సగం ఊరు ఇళ్ళకు తాళాలేసి పొలాల్లో గుడిసెలు వేసుకుని ఉంది. మంచె మీద మనిషి, మంచె నుంచి మంచెకు తాళ్ళు, తాళ్ళకు ఖాళీ డబ్బాలు. పిట్టల గుంపు దిగితే ఎవరో ఒకరు తాడు లాగుతారు, పొలం మొత్తం గలగలమంటుంది. ఏటి పక్క చిన్న ఈగలు చెవుల దగ్గర ముసురుతుంటే విదిలించుకుంటూ, గౌదెన్సియా మంచె కింద నిలబడింది.

"షికమో, బీబీ."

బీబీ అంటే అవ్వ; షికమో అని దణ్ణం పెడితే పెద్దవాళ్ళు 'మరహబా' అని అందుకోవాలి. పైనుంచి ఏమీ రాలేదు.

"షికమో, బీబీ గౌదెన్సియా."

"ఇవాళ పిట్టలు మరీ ఎక్కువయ్యాయి," అంది ముసలామె తాడు లాగుతూ.

"బీబీ, నేను తప్పు చేశాను. చెప్పుకుందామని వచ్చాను."

"ఏ తప్పు? నువ్వు చాలా చేశావు. పేరు పెట్టి చెప్పు."

"నలుగురి ముందూ నిన్ను తిట్టాను. నీకిచ్చే మాత్రలు కోళ్ళకి వేసినా నయం అన్నాను."

"కోళ్ళకి కాదు. బాతులకన్నావు."

"బాతులకి."

"ఆఁ. నాకు బాతులంటే గిట్టదు." ముసలామె మొదటిసారి కిందికి చూసింది. "మూడేళ్ళు పట్టిందా ఈ నాలుగడుగులు నడవడానికి?"

"పట్టింది. అవసరం పడితేగాని రాలేదు. అదీ చెప్పేస్తున్నా."

మందు సంగతి చెప్పింది. పన్నెండు వందలు తక్కువన్న సంగతీ చెప్పింది. గౌదెన్సియా వింటూనే వడిసెలలో మట్టిగడ్డ పెట్టి విసిరింది. దూరంగా పిట్టలు లేచాయి.

"ఎందుకు రోజూ మింగవని నన్నెవరైనా అడిగారా?" అంది. "మింగలేదేం, మింగలేదేం అన్నారు. ఎందుకని అడిగారా? ఆ మూడూ పడుకోబోయే ముందు మింగితే తెల్లారి నా కళ్ళు తెరుచుకోవు. పిట్టలు చీకటితోనే వస్తాయి. మొదటి ఏడాది రోజూ మింగాను. అడవిపందులూ పిట్టలూ కలిసి సగం మడి తినేశాయి. ఆ ఏడాది మేం మూడు నెలలు దుంపలు తిన్నాం. అప్పుడు ఆలోచించుకున్నా. మూర్ఛ వచ్చేది అమావాస్యకి. మా అమ్మకీ అంతే. ముందు మూడు రోజులు, వెనక రెండు రోజులు మింగుతా. తక్కిన రోజుల్లో కళ్ళు తెరుచుకుని ఉంటా."

"కిందటి నెల పౌర్ణమికి పడ్డావు బీబీ."

"అది వేరు. అది ఎండదెబ్బ."

ఓస్మిందా నోటిదాకా వచ్చిన మాటను మింగింది. మాత్ర మింగడం కన్నా కష్టమైంది. "పడుకునేటప్పుడు కాకుండా పొద్దు గుంకగానే మింగితే?" అంది మెల్లగా. "మత్తు తెల్లారేలోపు చాలావరకు దిగిపోతుంది. మోతాదు కూడా నీకు ఎక్కువైందేమో. మెల్కియోరిని చూడమంటాను."

"ఇది అప్పుడే చెప్పి ఉంటే!"

"అప్పుడు నేను బాతుల గురించి మాట్లాడుతున్నాను."

ముసలామె గొల్లుమని నవ్వింది. "మరహబా, మరహబా," అంది, ఆలస్యంగా. "పైకి రా."

అతుక్కుపోయిన చేత్తో నిచ్చెన ఎక్కడం ఓస్మిందాకు కుదరదు. గౌదెన్సియా వంగి ఆ చెయ్యే పట్టుకుని పైకి లాగింది. ఇరవై తొమ్మిదేళ్ళ కిందట నిప్పుల్లోంచి లాగిన చెయ్యి.

మంచె కప్పులో వేలాడుతున్న ఎండు ఆనపబుర్ర దించి మూత తీసింది. లోపల మాత్రలు, పొడి ఆకుల మధ్య, చెక్కు చెదరకుండా. ఓస్మిందా బుర్రను ఊపి చూసింది. "మూడు వందలు," అంది.

"మూడు వందల పన్నెండు. నేనొక్కదాన్నే అనుకుంటున్నావా?"

"ఎంతమంది?"

"నీ టిక్కులు చూసుకో."

"నేనడిగితే చెప్పరు."

"చెప్పరు. నీ నోరు చూసి ఎవరు చెబుతారమ్మా?" గౌదెన్సియా లేచి నిలబడి, తాడు అందుకుని మూడుసార్లు బలంగా లాగింది. పిట్టలకైతే ఒక్కసారి చాలు. పొలం అంతటా మంచెల మీద తలలు లేచాయి.

"ఓయ్! అందరూ వినండి! నేను గౌదెన్సియాని! నేను రోజూ మాత్రలు మింగలేదు! అమావాస్యకి దాచుకున్నాను! మూడు వందల పన్నెండు! ఇవాళ ఇచ్చేస్తున్నాను! ఇవ్వకపోతే తెరెజా కూతురికి వచ్చినట్టు అందరికీ వస్తుంది! దాచుకున్నవాళ్ళు తాడు లాగండి!"

చాలాసేపటికి నాలుగో మంచె మీంచి ఒక గొంతు: "బీబీ! ఆమె పక్కనే ఉందా?"

"ఉంది! నోరు మూసుకునే ఉంది!"

"ఒట్టు?"

"ఒట్టు!"

నాలుగో మంచె డబ్బాలు గలగలమన్నాయి. తర్వాత ఏటివైపు మంచె. తర్వాత ఒకేసారి రెండు. ఓస్మిందా వేళ్ళు మడిచి లెక్కపెడుతూ, కుడిచేతి వేళ్ళు అయిపోయి, మొదటి నుంచి మొదలుపెట్టింది. గౌదెన్సియా కాక ఎనిమిది మంది. ఎనిమిది మందికీ తన చేత్తో పెట్టిన టిక్కులున్నాయి.

సాయంత్రం మెల్కియోరి పేపరు మీద పద్నాలుగు వందల ముప్పై మాత్రలు పడ్డాయి. బూజు పట్టినవీ పొడైపోయినవీ తీసేస్తే పదమూడు వందల ఆరు. ఆయన రెండుసార్లు లెక్కపెట్టి, "నీ చెవి మీద నమ్మకం పోయింది," అన్నాడు. "ఇన్ని మాత్రలు ఊళ్ళో చప్పుడు చేస్తుంటే నీకు వినపడలేదు."

"వినపడింది," అంది ఓస్మిందా. "వినలేదు, అంతే."

ఆరు వారాలు గడిచాయి. తేలిగ్గా గడవలేదు. వీటస్‌ను సైకిలు ఎక్కొద్దన్నారు. అతను ఎక్కలేదు గానీ, గెలలు పెట్టుకుని పక్కన నడిపిస్తూ దిగుతుంటే నాలుగో వారంలో మూర్ఛ వచ్చి గట్టు కింద పడ్డాడు. భుజం ఎముక విరిగింది. ఇంకో ఇద్దరికి చిన్న చిన్నవి వచ్చాయి. జెనొవేవాకు రాలేదు. ఒక్కటి కూడా రాలేదు.

మూడో వారంలో అమావాస్య వచ్చింది. ఊరంతా భయపడింది ఆ రోజుకే. దాచుకున్న అండ చేతిలోంచి పోయిన తొమ్మిది మందీ మరీ భయపడ్డారు. అప్పటికి తలా ఒకటిన్నర మాత్ర, కానీ రోజూ, పొద్దు గుంకగానే. ఓస్మిందా ఆ రోజూ మర్నాడూ పగలంతా గౌదెన్సియా మంచె మీదే కూర్చుంది, పిట్టలను తోలుతూ. ఆమె విసిరిన గడ్డలు ఒక్కటీ తిన్నగా పోలేదు. రెండో రోజు పొద్దు వాలాక గౌదెన్సియా ఆకాశం వైపూ తన చేతుల వైపూ మార్చి మార్చి చూసుకుంది.

"రాలేదు," అంది, పిలిచిన చుట్టం రానట్టు.

"రాలేదు బీబీ."

"దారి తప్పిందేమో."

"తప్పనీ."

ఓస్మిందాకు మాత్రం ఐదో వారంలో వచ్చింది. పందొమ్మిదేళ్ళలో మొదటిది. మందుల గది ముందు, పంచుతుండగానే. కళ్ళు తెరిచేసరికి పక్కకు ఒత్తిగిల్లి పడుకుని ఉంది. తల కింద మడిచిన గుడ్డ ఉంది. తెరెజా తను చుట్టుకున్న కంగా గుడ్డ కొంగుతో ఆమె మూతి దగ్గరి నురగ తుడుస్తోంది. వరసలో ఉన్నవాళ్ళలో ఇద్దరు పారిపోయారు. మిగిలినవాళ్ళు నిలబడ్డారు. పారిపోయిన ఇద్దరి పేర్లూ ఆమె అడగలేదు. లేచి కూర్చుని, మాట ఇంకా ముద్దగా ఉండగానే, "ఎవరి దాకా వచ్చాం?" అంది.

నలభై నాలుగో రోజున డబ్బాలు వచ్చాయి. జారిపోయిన దారిమీద ఆరుగురు మనుషులు తలమీద పెట్టుకుని తెచ్చారు. ఆ బల్ల దగ్గరి నుంచి క్షమాపణ ఏదీ రాలేదు. మూడుచోట్ల సంతకం పెట్టమన్న కాగితం మాత్రం వచ్చింది. మెల్కియోరి పెట్టాడు. ఓస్మిందా ఆ కాగితం వెనకే ఇంకో ఉత్తరం రాయించింది: లుఫుందే రిజిస్టరులో మూడేళ్ళ టిక్కులు నమ్మదగినవి కావు, తప్పు నాది, ఇకనుంచి వేరే రకంగా రాస్తాం, మందు మాత్రం మూడు నెలల నిల్వ ముందే పంపాలి, లేకపోతే మేం ఇరవై ఏడు మందిమీ వచ్చి మీ ఆఫీసు వరండాలో కూర్చుంటాం, అక్కడే పడతాం.

"చివరి మాట తీసేద్దామా?" అన్నాడు మెల్కియోరి.

"అదొక్కటే వాళ్ళు చదువుతారు. ఉంచు."

"మరి సైకిలు?"

"అడిగితే ఇచ్చేస్తా. అడిగేదాకా తొక్కుతా."

మందు పంచే బుధవారం వచ్చింది. మళ్ళీ మెల్లగా, రెమ్మ రెమ్మగా, మోతాదు పెంచుతున్నారు. కొత్త రిజిస్టరులో టిక్కు గడి లేదు. 'రోజూ మింగావా' అన్న ప్రశ్న కూడా లేదు. వరసలో మొదట గౌదెన్సియా నిలబడింది, కోతల ఎండకు నల్లబడి.

"షికమో, బీబీ."

"మరహబా."

"ఈ నెల ఎన్ని రోజులు మానేశావు?"

వరసలో వెనకవాళ్ళు మెడలు చాపారు. గౌదెన్సియా ఓస్మిందా మొహంలోకి కాసేపు చూసింది.

"నాలుగు."

"ఏ నాలుగు?"

"కోతల నాలుగు. పొద్దు గుంకేదాకా మడిలోనే ఉన్నాం, తర్వాత ఒళ్ళు తెలీకుండా పడిపోయాం. మర్చిపోయా."

ఓస్మిందా పెదవి కొరుక్కుంది. పెన్సిలు తీసి, ఆ పేరు ముందు నాలుగు అని రాసింది. రాసి, చెయ్యి చాపింది.

గౌదెన్సియా కంగా కొంగు ముడి విప్పి, మిగిలిన మాత్రలు ఆ కాలిన అరచేతిలో పోసింది. ఓస్మిందా వాటిని ఊపి వినలేదు. ఒక్కొక్కటే, అందరికీ కనపడేలా, బల్లమీద లెక్కపెట్టింది.